మూడో పిన్ను మీద నేరం

సినిమా ఆపేసినా సబ్‌వూఫర్ గుయ్యిమంటూనే ఉంటే మన మెకానిక్కుల దగ్గర దానికి అప్పటికప్పుడు చేసే వైద్యం ఒకటుంది. ప్లగ్గు విప్పి ఆకుపచ్చ వైరు తప్పిస్తారు. విప్పడానికి వీల్లేని ప్లగ్గయితే పైనున్న లావుపాటి పిన్ను విరిచేస్తారు. చాలాసార్లు మోత ఆగిపోతుంది కూడా. ఆ వైద్యంతో నా పేచీ అంతా అది పనిచేయడంతోనే. పనిచేయకపోతే ఈపాటికి ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు.

అసలు మోత ఎక్కడ పుడుతోంది? మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సబ్‌వూఫర్ ఉన్నదే ఆ 50, 100 హెర్ట్జ్‌ల చుట్టుపక్కల శబ్దాలను పెంచి వినిపించడానికి. చిన్న స్పీకర్లు పలకలేక వదిలేసే హమ్మును ఇది నోరారా పలుకుతుంది. ఆంప్లిఫయర్ నుంచి దానికి వచ్చే ఆర్‌సీఏ కేబులుకు పైన జాలీ ఉంటుంది. సిగ్నల్ తిరిగి వెళ్లేదీ ఆ జాలీ మీదుగానే, రెండు పెట్టెల ఒంటి లోహాన్ని కలిపేదీ అదే. సబ్‌వూఫర్ తన ప్లగ్గు ద్వారా ఎర్త్‌కు తగిలి ఉంటుంది. అటు ఆంప్లిఫయర్‌కు తగిలించిన సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరు, దారి పొడవునా ఎక్కడెక్కడో నేలకు తగిలి వస్తుంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు, జాలీలో కరెంటు పారుతుంది. సబ్‌వూఫర్ లోపలుండే ఆంప్లిఫయర్ దాన్నీ సిగ్నలే అనుకుని పెంచేస్తుంది. గుయ్యి కాకుండా జర్రుమంటుంటే మాత్రం డిమ్మర్లనో చవక ఎల్ఈడీ డ్రైవర్లనో అనుమానించాలి, వాటిని ఆపి చూస్తే తేలిపోతుంది.

ఇది ఊహ కాదు, ఎవరైనా తేల్చుకోవచ్చు. స్విచ్చులన్నీ ఆపి సబ్‌వూఫర్ వెనక సిగ్నల్ కేబుల్ ఊడదీసి, మళ్లీ ఆన్ చేయాలి. అప్పుడూ మోగితే జబ్బు దాని లోపలి ఆంప్లిఫయర్‌దే, ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర్నుంచి చూడమని మెకానిక్కుకు ఇవ్వాలి. ఆగిపోతే సబ్‌వూఫర్ నిర్దోషి. కేబుల్ మళ్లీ పెట్టి ఈసారి సెట్‌టాప్ బాక్సు వైరు పీకి చూడాలి. అప్పుడు ఆగిందంటే దొంగ అటునుంచే వస్తున్నాడు. ఆ వైరు మీద గాల్వానిక్ ఐసొలేటర్ వేస్తే సరిపోతుంది. డాబా మీద డిష్ ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఉపాయం చెల్లదు. డిష్ తలలోని ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ వైరులోనే వెళ్లాలి, ఐసొలేటర్ దాన్ని అడ్డుకుంటుంది. వాళ్లు పెట్టెలన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటిచ్చి చూడాలి, తగ్గకపోతే సబ్‌వూఫర్ కేబుల్ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఇందులో మరీ చవకది కొంటే హమ్ముతో పాటు కింది బేస్ కూడా పోతుంది.

ఇంత తతంగం దేనికి, పక్కనున్న ఆంప్లిఫయర్‌కు రెండే పిన్నులుంటే దానికి లేని ఎర్త్ దీనికెందుకని అడగొచ్చు. చదరంలో చదరం గుర్తున్న రెండు పిన్నుల పెట్టెను రెండు పొరల రక్షణతోనే తయారుచేస్తారు. మూడు పిన్నుల పెట్టె ఎర్త్‌ను నమ్ముకుని తయారైంది. ఆ పిన్ను మిగతా రెంటికన్నా పొడుగ్గా ఉండేది కూడా అందరికన్నా ముందు తగిలి, అందరికన్నా వెనక విడిపోవడానికే. అది లేనప్పుడు లోపల ఫేజ్ వైరు తెగి రేకుకు తగిలితే, 230 వోల్టులు ఆర్‌సీఏ జాలీ మీదుగా ఆంప్లిఫయర్ ఒంటికీ టీవీ ఒంటికీ పాకుతాయి. ఎంసీబీ పడిపోదా అంటే, పెద్ద కరెంటు పారే దారే మూసేశాక అది పడదు. లీకేజీని కనిపెట్టే ఆర్‌సీసీబీ పడొచ్చు, కానీ ఆ లీకేజీ అప్పటికి ఎవరి చేతి మీదుగా పారుతోందన్నదే ప్రశ్న.

అన్నిటికన్నా బలమైన వాదన ఇంకొకటి. మా ఇంట్లో ఎర్తింగే సరిగా లేదు, ఆ పిన్ను అలంకారం కోసమే అనేవాళ్లున్నారు. నిజమే, ఎర్త్ గుంత ఎండిపోయిన ఇళ్లూ, బోర్డులో ఆకుపచ్చ వైరు ఊరికే వేలాడే ఇళ్లూ మనకు తక్కువేం కాదు. కానీ అది ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన కారణం, పిన్ను విరవాల్సిన కారణం కాదు. ఉప్పూ బొగ్గూ పోసి కొత్త గుంత తీయించినా మోత ఆగకపోవచ్చన్నదీ ముందే చెప్పాలి. గుంత ప్రాణరక్షణకు, మోత ఆగాలంటే రెండు ఎర్త్‌ల మధ్య ఆ చుట్టు తెగాలి, దానికి ఎంత లోతు తవ్వినా సంబంధం లేదు. ఇప్పటికే విరిచేసిన పిన్నులు ఎన్ని చేతులు మారి ఎవరింటికి చేరాయో తెలియదు కాబట్టి, సెకండ్ హ్యాండ్ సబ్‌వూఫర్ కొనేవాళ్లు బేస్ వినడానికన్నా ముందు దాని ప్లగ్గు చూడటం మంచిది.