హాగ్వార్ట్స్ చరిత్రలో లేని వంటగది

దళిత అధ్యయనాల పత్రికలో మంత్రాల బడి గురించి చర్చ ఎందుకని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. మన గొడవలు మనకి చాలవా అన్నారు. జవాబు సూటిగానే చెప్తాం. జె.కె. రౌలింగ్ 1997 నుంచి 2007 దాకా ఏడు నవలలుగా రాసిన హ్యారీ పోటర్ కథని మన పిల్లలూ చదువుతున్నారు. హాస్టల్ గదుల్లో చేతులు మారి అట్టలూడిపోయిన కాపీలు మేం చూశాం. మాలో కొందరం ఇంగ్లీషు నవల చదవడం నేర్చుకున్నదే వీటితో. పిల్లలు ఇష్టపడి చదివే పుస్తకం వాళ్లకి ఏం నేర్పుతోందో మనం పట్టించుకోకపోతే, ఆ పనిని కూడా ఆధిపత్య కులాల విమర్శకులకి వదిలేసినట్టే.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ కథ ఒక బడి గురించి. బడి ఎవరిది, ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు గడప దగ్గరే ఆగిపోవాలి అన్న ప్రశ్న మనకి పరాయిది కాదు. చిన్నప్పుడు అంబేద్కర్ బడిలో గోనెపట్టా మీద విడిగా కూచోవాల్సి వచ్చింది. ప్యూను లేని రోజు ఆయనకి మంచినీళ్లు లేవు. బడి అంటే మనకి పాఠాలు మాత్రమే కాదు. నీళ్లు, తిండి, కూచునే చోటు కూడా. ఏ బడి కథైనా మేం చదివేది అక్కణ్ణించే.

నాలుగు హౌసులు, నాలుగు వర్ణాలు?

హాగ్వార్ట్స్ స్థాపించి వెయ్యేళ్లు దాటింది. గోడ్రిక్ గ్రిఫిండార్, హెల్గా హఫుల్‌పఫ్, రొవీనా రావెన్‌క్లా, సలజార్ స్లిదరిన్ అనే నలుగురు దాన్ని పెట్టారు. పదకొండేళ్లు నిండిన పిల్లలు సెప్టెంబరు ఒకటిన రైలు దిగి రాగానే ఒక టోపీ వాళ్లని నాలుగు హౌసుల్లోకి పంచేస్తుంది. ధైర్యవంతులు ఒక వైపు, తెలివైనవాళ్లు ఒక వైపు, కష్టపడేవాళ్లు ఒక వైపు, పైకెదగాలనే పట్టుదల ఉన్నవాళ్లు ఒక వైపు. ఆ తర్వాత ఏడేళ్లూ పడక, తిండి, ఆట, మార్కులు అన్నీ హౌసును బట్టే.

ఇది చూడగానే చాతుర్వర్ణ్యం గుర్తొస్తుంది. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఈ పోలిక తేలికది, అందుకే పనికిరానిది. టోపీ పుట్టుక చూసి పంచదు, పిల్లల ఇష్టాన్ని కూడా అడుగుతుంది. నాలుగు హౌసుల వాళ్లూ ఒకే హాల్లో తింటారు, ఒకే క్లాసుల్లో కూచుంటారు. ఇది ఇంగ్లండు బోర్డింగు స్కూళ్ల పద్ధతి. 1857లో వచ్చిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నుంచీ ఆ దేశంలో బడి కథలకి ఇదే అచ్చు.

పుట్టుక ప్రశ్న వేరే చోట ఉంది. మంత్రవిద్య శుద్ధరక్తం ఉన్న కుటుంబాలకే నేర్పాలని స్లిదరిన్ పట్టుబట్టాడు. మిగతా ముగ్గురూ ఒప్పుకోకపోతే బడి వదిలిపోయాడు. పోతూ పోతూ నేల కింద రహస్య గదిలో ఒక పాముని పెట్టిపోయాడు. అనర్హులని ఏరి చంపడానికి. అంటే బడికి అందరూ వచ్చే నియమం గెలిచింది గానీ, రాకూడదన్న కోరిక పునాదిలోనే మిగిలిపోయింది. మంత్రం తెలియని మామూలు మనుషుల్ని మగుల్‌లు అంటారు. వాళ్ల ఇళ్లల్లో పుట్టి ఈ బడికి వచ్చిన పిల్లల్ని 'బురద రక్తం' అని తిడతారు. హెర్మయొనీ అనే అమ్మాయిని తోటి విద్యార్థి మైదానంలో అందరి ముందూ ఆ మాట అంటాడు. రిజిస్టర్లో పేరుంటుంది, సీటు ఉంటుంది, ఫీజు కట్టి ఉంటుంది. అయినా ఒక్క మాటతో నీ చోటు ఇది కాదని చెప్పొచ్చు. ఈ సంగతి మన విద్యార్థులకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రతిభ అనే ఉచ్చు

ఈ తిట్టుకి రౌలింగ్ ఇచ్చిన జవాబు ఏమిటి? హెర్మయొనీని క్లాసులో అందరికన్నా తెలివైనదాన్ని చేసింది. శుద్ధరక్తం అని విర్రవీగేవాడికన్నా ఆమెకే మార్కులెక్కువ. పాఠకుడికి సంతోషం కలుగుతుంది. మాకూ కలిగింది. కానీ ఆ సంతోషంలో ఒక ఉచ్చుంది. ఆమె ఫస్టు రాకపోతే? మామూలుగా చదివే పిల్లయితే? అప్పుడు ఆ తిట్టు న్యాయమైపోతుందా? పీడిత కుటుంబం నుంచి వచ్చినవాళ్లు మిగతావాళ్లకి రెండింతలు చదివితేనే సమానులని ఒప్పుకుంటాం అనేది సమానత్వం కాదు. అది అదనపు పన్ను.

దీనికి అవతలి ముఖం ఫిల్చ్. మంత్రగాళ్ల ఇంట్లో పుట్టి మంత్రం రానివాడు. ఆ బడిలో కాపలా, ఊడ్పు చూసుకుంటాడు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని దొంగచాటుగా నేర్చుకోబోతాడు. నవల దాన్ని నవ్వులాటగానే చూపించి ముందుకి పోతుంది. చదువు మీద ఆశ పెట్టుకున్న పనివాణ్ణి చూసి నవ్వమని పిల్లలకి నేర్పే చోట ప్రతిభ గురించిన ఉపన్యాసాలు మేం నమ్మం.

ఏడో నవలలో ఈ తర్కం చివరిదాకా పోతుంది. నియంతలు అధికారంలోకి వచ్చి మగుల్ ఇళ్లల్లో పుట్టినవాళ్లందరినీ విచారణకి పిలుస్తారు. మంత్రం రక్తంలోనే వస్తుంది, నీకు రక్తం లేదు, కాబట్టి నువ్వు దొంగిలించావు, ఈ దండం ఎవరి దగ్గర లాక్కున్నావో చెప్పు అంటారు. సీటు మాది, నువ్వు కొట్టేశావు అనే మాట రిజర్వేషన్ల వ్యతిరేక ప్రదర్శనల్లో విన్నవాళ్లకి ఈ విచారణ గది కొత్త కాదు. ఈ పేజీలు రాసినందుకు రౌలింగ్‌ని మేం మెచ్చుకుంటాం.

విరిగిన దండం

ఆ బడిలో చదువుకి పనిముట్టు మంత్రదండం. దాన్ని ఎవరు పట్టుకోవచ్చో చట్టం చెప్తుంది. మనుషులు కానివాళ్లు దండం పట్టకూడదు. బ్యాంకు నడిపే గాబ్లిన్‌లకి లేదు, ఇంటిపని చేసే ఎల్ఫులకి లేదు. మంత్రగాళ్లు దండం రహస్యాన్ని మాతో పంచుకోరు అని గ్రిప్‌హుక్ అనే గాబ్లిన్ ఏడో నవలలో నిలదీస్తాడు. విద్య నిషేధం మీదే ఆ సమాజం నిలబడి ఉందని పుస్తకం మొత్తంలో ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. కథ మాత్రం అతన్ని మోసగాడిగానే మిగిల్చింది.

హాగ్రిడ్‌నే తీసుకోండి. తల్లి రాక్షస జాతి మనిషి. పదమూడేళ్లప్పుడు ఒక హత్య నేరం అతని మీద పడింది. నేరం మోపినవాడు మాస్టర్లందరూ మెచ్చిన మంచి విద్యార్థి. ఎవరి మాట నమ్మాలో బడికి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. హాగ్రిడ్‌ని బడి నుంచి గెంటేసి దండం రెండుగా విరిచేశారు. ఆ ముక్కల్ని గొడుగులో దాచుకుని తిరుగుతాడు. యాభై ఏళ్ల తర్వాత నిర్దోషి అని తేలింది. మాస్టరు ఉద్యోగం ఇచ్చారు. పోయిన చదువు తిరిగిచ్చినట్టు మాత్రం నవలల్లో ఎక్కడా కనబడదు. ఏకలవ్యుడి బొటనవేలు మనకి గుర్తు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గదా.

నేల కింద ఐదో చోటు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. హాగ్వార్ట్స్ విందులు పిల్లలకి నోరూరిస్తాయి. ఖాళీ పళ్లేల్లోకి తిండి దానంతటదే వచ్చేస్తుంది. మూడు నవలలు అలాగే నడిచాయి, వండేదెవరని ఎవరూ అడగలేదు. పాఠకులుగా మేమూ అడగలేదు. నాలుగో నవలలో (2000) గాని సంగతి బయటపడదు. హాలు కింద అంతే పెద్ద వంటగది ఉంది. పైన ఉన్న నాలుగు బల్లలకి సరిగ్గా కింద నాలుగు బల్లలు. వందమందికి పైగా హౌస్‌ఎల్ఫులు అక్కడ వండి, కింది బల్లల మీద పెడితే పైకి చేరుతుంది. జీతం లేదు, సెలవు లేదు. రాత్రిళ్లు వచ్చి గదులు ఊడ్చి పొయ్యిలు రాజేసి పోతారు. మంచి ఎల్ఫు అంటే ఉన్నట్టు తెలియకుండా ఉండేవాడని ఒక పెద్దమనిషి దెయ్యం మర్యాదగా వివరిస్తుంది.

నాలుగు హౌసుల కింద ఐదోది ఇదీ. లెక్కలోకి రాని చోటు. పంచమం అనే మాట మాకు ఇక్కడ తగులుతుంది, పైన హౌసుల దగ్గర కాదు.

ఇంగ్లండు బోర్డింగు స్కూళ్లల్లో చిన్న క్లాసు పిల్లలు పెద్ద క్లాసు వాళ్లకి ఊడిగం చేసే పద్ధతి ఉండేది. హాగ్వార్ట్స్‌లో అది లేదు. పిల్లలందరూ దొరలే. ఎందుకంటే ఆ ఊడిగం మొత్తం నేల కిందికి దించేశారు. స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండు జానపద కథల్లో బ్రౌనీ అనే ఇంటి భూతం ఉంది. రాత్రిపూట తన ఇష్టం కొద్దీ పని చేస్తుంది, అవమానిస్తే పోతుంది, బట్టలు పెట్టినా పోతుంది. రౌలింగ్ చేతిలో అది యజమాని బట్ట ఇచ్చేదాకా కదలడానికి లేని బానిస అయింది. జానపదుల ఊహలో ఉన్న స్వేచ్ఛ ఆధునిక రచయిత్రి ఊహలో లేకుండా పోయింది.

ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. ఎల్ఫులు బానిసలు, అంటరానివాళ్లు కాదు. వాళ్లు వండింది అందరూ లొట్టలేసుకుంటూ తింటారు. బానిసత్వాన్ని, అంటరానితనాన్ని ఒకటిగా చూడొద్దని, రెండిట్లో ఏది ఘోరమో తూచి చూడమని అంబేద్కర్ చెప్పాడు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిందని పిల్లలు మధ్యాహ్న భోజనం మానేశారు. వంట చేసినామె ఉద్యోగమే పోయింది. హాగ్వార్ట్స్‌లో వండే చెయ్యి కనబడకూడదు. ఇక్కడ ఆ చెయ్యి వండనే కూడదు. అయినా పోలిక వృథా కాదు. ఫూలే 1873లో 'గులాంగిరీ'ని అమెరికాలో నీగ్రో బానిసత్వం రద్దు కోసం నిలబడ్డ జనానికి అంకితం ఇచ్చాడు. తేడా తెలిసే ఇచ్చాడు.

టోపీలతో విముక్తి

ఈ వంటగది గురించి తెలియగానే హెర్మయొనీ పళ్లెం పక్కకి నెట్టేస్తుంది. ఆ క్షణం ఏడు నవలల్లోనూ గొప్పదని మా అభిప్రాయం. తర్వాత ఒక సంఘం పెడుతుంది. జీతాలు, పని పరిస్థితులు దాని మొదటి డిమాండు. దండం పట్టే హక్కు, ప్రభుత్వ శాఖలో ఎల్ఫుల ప్రాతినిధ్యం దూరపు లక్ష్యాలు. విద్య, అధికారంలో వాటా. కార్యక్రమం సరైనదే. తప్పు ఎక్కడంటే, ఆ సంఘంలో ఒక్క ఎల్ఫు కూడా లేడు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి అందరూ పై హాల్లో తినేవాళ్లే.

ఐదో నవలకి వచ్చేసరికి ఆమె రహస్యంగా టోపీలు అల్లి చెత్త కింద దాచిపెడుతుంది. ఎల్ఫులు ఊడుస్తూ పొరపాటున తీసుకుంటే స్వేచ్ఛ వచ్చేస్తుందని. వాళ్లకి కోపమొచ్చి ఆ గదులు ఊడవడమే మానేస్తారు. అడక్కుండా చేసే ఉద్ధరణని ఎవరు మాత్రం గౌరవిస్తారు? మన పేర్లు మనం పెట్టుకునే లోపలే మనకి పేర్లు పెట్టిన ఉద్ధారకుల్ని మనం చూశాం. అయితే రౌలింగ్ ఇక్కణ్ణించి తీసిన ముగింపు వేరు. ఎల్ఫులు ఇలాగే సంతోషంగా ఉన్నారు, వాళ్ల జోలికి పోవద్దు అని మంచివాళ్ల చేతే చెప్పిస్తుంది. ఇది తోటల యజమానులు పాడిన పాత పాటే. 1833లో బ్రిటన్ బానిసత్వం రద్దు చట్టం తెచ్చినప్పుడు రెండు కోట్ల పౌన్ల పరిహారం యజమానులకే దక్కింది. బానిసలకి పైసా దక్కలేదు.

సంతోషంగా లేని ఎల్ఫు కథలోనే ఉన్నాడు. డాబీ జీతం అడిగాడు. హెడ్‌మాస్టరు వారానికి పది గేలియన్లు, శని ఆదివారాలు సెలవు ఇస్తానంటే, తనే బేరం తగ్గించి ఒక గేలియనుకి, నెలకి ఒక సెలవుకి ఒప్పుకున్నాడు. దీన్ని జోకుగా రాశారు. మాకు నవ్వు రాలేదు. హక్కుని హక్కుగా తీసుకోవడానికి కూడా భయపడేలా తయారుచేసిన వ్యవస్థ అందులో ఉంది. సినిమాలు తీసినవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి హెర్మయొనీ సంఘాన్ని మొత్తంగానే తీసేశారు.

ఎవరు రాయాలి?

'హాగ్వార్ట్స్: ఎ హిస్టరీ' అని ఆ బడికి ఒక చరిత్ర పుస్తకం ఉంది. వెయ్యి పేజీలు దాటింది. కప్పు మీద మంత్రం గురించి ఉంది, కోట రక్షణ గురించి ఉంది. ఎల్ఫుల గురించి ఒక్క మాట లేదు. ఆ పుస్తకాన్ని కంఠతా పట్టిన హెర్మయొనీయే ఇది పక్షపాత చరిత్ర అని మండిపడుతుంది. క్లాసులో చరిత్ర చెప్పేది ఒక దెయ్యం. గాబ్లిన్‌ల తిరుగుబాట్లు అతని నోట్లో పేర్లు, తేదీలు అయిపోతాయి, పిల్లలు నిద్రపోతారు. తిరుగుబాటు చరిత్రని చంపాలంటే నిషేధించనక్కర్లేదు. చచ్చినవాడి చేత చెప్పిస్తే చాలు.

ఆఖరి యుద్ధంలో వంటగది ఎల్ఫులు కత్తులు పట్టుకుని పైకొచ్చి పోరాడారు. నియంత చచ్చాడు. గెలిచిన హ్యారీ పడక వైపు నడుస్తూ, తన ఎల్ఫు ఒక శాండ్‌విచ్ తెచ్చిపెడతాడా అని ఆలోచిస్తాడు. అసలు కథ అక్కడ అయిపోతుంది. తర్వాత పందొమ్మిదేళ్లకి పిల్లలు మళ్లీ రైలెక్కుతారు. కింద ఎవరు వండుతున్నారో నవల చెప్పదు.

ఈ పుస్తకాన్ని పారెయ్యమని మేం అనడం లేదు. పిల్లలతో కలిసి చదవండి, విందు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇది ఎవరు వండారు అని అడగండి అంటున్నాం. ఆ ప్రశ్న మన దగ్గరికీ వస్తుంది. మన కాలేజీల వార్షికోత్సవ సంచికలు తిరగేయండి. స్థాపకులు, దాతలు, ప్రిన్సిపాళ్లు, ర్యాంకులు. మెస్సులో వండినవాళ్లు, కక్కసులు కడిగినవాళ్లు అందులో ఉన్నారా? సభల్లో అంబేద్కర్ గురించి మాట్లాడి వచ్చి, ఆ మెస్సులోనే తిని, వడ్డించినాయన పేరు తెలియకుండా బయటికొచ్చిన వాళ్లల్లో మేమూ ఉన్నాం. ఈ విమర్శ మా మీద కూడా.

కాబట్టి విద్యార్థులకి, టీచర్లకి మా విజ్ఞప్తి ఒకటే. మీ బడికి, మీ హాస్టల్‌కి చరిత్ర రాయండి. వంటగది నుంచి మొదలుపెట్టండి. అయితే వాళ్ల తరపున మీరు రాసెయ్యకండి. వాళ్లతో కూచోండి, వాళ్లు చెప్తే రాయండి, వాళ్ల పేర్లు ముందు పెట్టండి. లేకపోతే మనమూ టోపీలు అల్లినట్టే అవుతుంది.