మబ్బు అంచు, తెల్లని గడి: తేలియా రుమాలును చూడవలసిన తీరు

కువైట్ నగరంలో జాతీయ మ్యూజియం పక్కనున్న సదూ హౌస్ ఎడారి స్త్రీల నేతకు నెలవు. నేల మీద పరచిన మగ్గంపై ఉన్నితో నేసే సదూలో పేక దాదాపు కనిపించదు. నమూనా అంతా పడుగుదే. 2020లో యునెస్కో ఈ నేతను సౌదీ అరేబియా, కువైట్‌ల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఒకప్పుడు గల్ఫ్ తీరాలకు తలగుడ్డగా ఎగుమతి అయిన చీరాల తేలియా రుమాలును అంచనా కట్టడానికి కూడా పడుగు పేకల పొత్తునే గమనించాలి.

ఇక్కత్‌ను మెచ్చుకునేటప్పుడు చెదిరిన రంగుల అంచునే అందంగా చెప్పడం పరిపాటి. ఉజ్బెక్ పట్టుకు ఆ మెప్పు తగినదే. బుఖారా, మర్గిలాన్‌లలో కట్లు కట్టి రంగులో ముంచేది పడుగును మాత్రమే. ఆ పని పేరు అబ్ర్‌బందీ. పారశీకంలో ‘అబ్ర్’ అంటే మబ్బు. అక్కడి సూజనీ కుట్టుపనిలోనూ ఇలాంటి సడలింపే కనిపిస్తుంది. సన్నని గుడ్డపట్టీలను వదులుగా కలిపి, వాటి మీద బొమ్మ గీసి, మళ్లీ విడదీసి వేర్వేరు స్త్రీలు కుడతారు. తిరిగి అతికినప్పుడు పువ్వు సగాలు కాస్త పక్కకు జరిగి ఉండడం, అందులో ఎందరి చేతులు పడ్డాయో చెబుతుంది.

తేలియాకు ఈ కొలత చెల్లదు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో పదేపదే నానబెట్టి ఆరబెడతారు. ఆ నూనె వల్లనే ఆ పేరు. ఆ తరువాత పడుగునూ పేకనూ విడివిడిగా కట్లు కట్టి ఎరుపు, నలుపు రంగులు పట్టిస్తారు. పడుగులోని తెలుపు మీదికి పేకలోని తెలుపు సరిగ్గా వచ్చి కూర్చుంటేనే తెల్లని గడి తేలుతుంది. పోగు జరిగితే గడి మసకబారుతుంది. ఉజ్బెక్ నేతలో సొగసైన చెదురు ఇక్కడ నేతగాని పొరపాటు.

ఈ భేదం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. చెదిరిన అంచు ఒక్కటే ఇక్కత్‌కు గుర్తు అనుకుంటే, ఆ అంచును అనుకరించే అచ్చు గుడ్డ కూడా ఇక్కత్‌గానే చెల్లుబాటవుతుంది. రెండు వైపుల నూలునూ లెక్క తప్పకుండా కట్టిన శ్రమకు విలువ దక్కదు. పుట్టపాక తేలియాకు 2020లో లభించిన భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు. పనిని కాపాడవలసినది కొనేవారి చూపు. కడప, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు నేడు కువైట్‌లో ఎందరో ఉన్నారు. వారి ఇళ్లలో తేలియా ఉంటే, దాన్ని వెనక్కి తిప్పి చూడవచ్చు: రంగు రెండు వైపులా ఒకేలా ఉందా, తెల్లని గడి నాలుగు మూలలూ నిలిచాయా అని.