మొదటిసారి పూర్తి భోజనం

ఒక్క కూర చేయడం వేరు. అన్నం, పప్పు, కూర, చారు, అన్నీ ఒకే వేళకి వేడివేడిగా వడ్డించడం వేరు. మొదటిసారి ఆ పని చేసినవాళ్లంటే నాకు నిజంగా గౌరవం. ఆ భోజనం ముందురోజు రాత్రి గోరువెచ్చని పాలలో తోడు వేసినప్పుడే మొదలవుతుంది మరి. పొద్దున్నే చింతపండు నానాలి. కందిపప్పు మెత్తగా ఉడికాకే పులుసు పోయాలి. ముందే పోస్తే ఆ పులుపుకి పప్పు బిరుసెక్కి ఓ పట్టాన ఉడకదు.

రచయిత్రి మాలతీ చందూర్ ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం చూసి ఎన్నో కొత్త కాపురాలు కొలతలు నేర్చుకున్నాయి. పోపు దగ్గర మాత్రం చెవి, ముక్కే దిక్కు. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడి, ఆ చప్పుడు సద్దుమణుగుతుండగా జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, చివర కరివేపాకు. మెంతులు వేస్తే దోరగా ఎర్రబడగానే దించెయ్యాలి, మాడితే చేదు. ఇదంతా నిమిషంలో అయిపోవాలి. సరిగ్గా అప్పుడే పక్క పొయ్యి మీద చారు పొంగుతుంది, కుక్కర్ కూత వేస్తుంది, వంకాయ కూర అడుగంటబోతుంది. అన్నిటినీ కనిపెట్టుకుంటూ, ఉప్పు సరిచూసి, కంచాలు పెట్టి పిలిచారంటే ఎంత పని చేసినట్టు! చారు కాస్త పలచనైతే ఏం, మారు అడిగి వేయించుకోండి.