చేతికి తొడుక్కునే ఎమ్మారై కాయిల్

ఎమ్మారై స్కాన్‌కి వెళ్లొచ్చిన వాళ్లు ఆ సొరంగం గురించీ, ఆ మోత గురించీ చెబుతారు. ఒంటి మీద బిగించిన ప్లాస్టిక్ చట్రం గురించి చెప్పేవాళ్లు తక్కువ. మోకాలికి ఒకటి, తలకి ఒకటి, పొట్ట మీద పరిచేది ఒకటి. దాన్ని రిసీవ్ కాయిల్ అంటారు. బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంది.

పెద్ద అయస్కాంతం శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలను తన దిశకు కొద్దిగా మొగ్గేలా చేస్తుంది. రేడియో పల్స్ తగిలితే ఆ మొగ్గు పక్కకి ఒరిగి గుండ్రంగా తిరగడం మొదలెడుతుంది. 1.5 టెస్లా యంత్రంలో ఆ తిరుగుడు సెకనుకి సుమారు 6.4 కోట్ల సార్లు, 3 టెస్లాలో దానికి రెట్టింపు. పక్కనే రాగి చుట్ట ఒకటి ఉంటే, మారుతున్న ఆ అయస్కాంతత్వం అందులో అతి స్వల్పమైన వోల్టేజీ పుట్టిస్తుంది. బొమ్మకి ముడిసరుకు అదొక్కటే.

చుట్ట సుమారుగా తన వ్యాసార్ధమంత లోతు వరకే బాగా వింటుంది. ఆ పైన సిగ్నల్ వేగంగా పడిపోతుంది. లోతుగా వినాలని చుట్టను పెద్దది చేస్తే, శరీరమంతటి నుంచి వచ్చే ఉష్ణ నాయిస్, అంటే వేడి వల్ల పుట్టే అనవసరపు సందడి కూడా ఎక్కువగా దూరుతుంది. అందుకే చిన్న చుట్టలను అనేకం పక్కపక్కన పేర్చి, ఒక్కొక్కదాని సిగ్నల్‌ను విడిగా తీసుకుని కలిపే పద్ధతి వచ్చింది. జీఈ పరిశోధనశాలకు చెందిన రోమర్ బృందం దీన్ని 1990లో వివరించింది.

ఆ చుట్టల్లో ఒక్కదాన్ని విప్పి చూద్దాం. రాగి వలయాన్ని కొన్ని చోట్ల కోసి, కోసిన చోటల్లా కెపాసిటర్ అతికిస్తారు. చుట్ట సరిగ్గా స్కానర్ ఫ్రీక్వెన్సీకే స్పందించేలా చేసేవి ఇవే. పెద్ద అయస్కాంతం పక్కన ఉండాలి కనుక వీటిలో అయస్కాంత గుణమున్న లోహం పనికిరాదు. ఒక కెపాసిటర్‌కి అడ్డంగా డయోడ్‌తో చిన్న సర్క్యూట్ ఉంటుంది. స్కానర్ కిలోవాట్ల శక్తితో పల్స్ పంపే క్షణాన అది చుట్టను చెవిటిదాన్ని చేస్తుంది. లేకపోతే సన్నని గుసగుస వినడానికి తయారైన తీగలో భారీ కరెంటు పారి, రోగి చర్మం కాలవచ్చు. ఆ తరవాత సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్లిఫయర్. చివరగా, కేబుల్ పైతొడుగు మీద దొంగ కరెంట్లు పారకుండా ఆపే ట్రాప్‌లు.

అసలు చిక్కు ఇరుగుపొరుగుతో. ఒక చుట్టలో పారే కరెంటు పక్క చుట్టలోనూ కరెంటు పుట్టిస్తుంది. ట్యూనింగ్ చెదురుతుంది, ఒకదాని నాయిస్ మరొకదానిలో కలుస్తుంది. రోమర్ బృందం దీనికి రెండు విరుగుళ్లు చెప్పింది. మొదటిది, పక్కపక్క వలయాలను కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కించడం. కేంద్రాల మధ్య దూరం వ్యాసంలో సుమారు ముప్పాతిక ఉంటే ఒకదాని ప్రభావం మరొకదానిపై దాదాపు సున్నా అవుతుంది. రెండోది మరింత తెలివైనది. ప్రీయాంప్లిఫయర్ ఇంపెడెన్స్‌ను, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డును, కావాలనే చాలా తక్కువగా ఉంచుతారు. మధ్యనున్న సర్క్యూట్ దాన్ని తిరగేసి, చుట్టకి పెద్ద అడ్డుగా కనిపించేలా చేస్తుంది. వోల్టేజీ అందుతుంది, కరెంటు మాత్రం పారదు. కరెంటే లేకపోతే పొరుగుకి సోకేదేముంది?

ఇప్పుడు ఆ గట్టి ప్లాస్టిక్ చట్రం ఎందుకో తెలుస్తుంది. అది తీగల్ని కాపాడడానికి మాత్రమే కాదు, లెక్క కట్టిన ఆ దూరాలు చెదరకుండా పట్టి ఉంచడానికి. దానికి చెల్లించే మూల్యం గాలి. పెద్దవాళ్ల కొలతకి చేసిన చట్రంలో పసిపిల్లను పడుకోబెడితే చర్మానికీ చుట్టకీ మధ్య ఖాళీ మిగులుతుంది. సిగ్నల్ కరిగిపోయేది ఆ ఖాళీలోనే.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అనా అరియాస్, మైకేల్ లస్టిగ్‌ల బృందం దీనికి అచ్చు యంత్రాన్ని నమ్ముకుంది. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద వెండి సిరాతో చుట్టలు అచ్చేశారు. 2016లో వెలువడిన ఆ పనిలో మెచ్చుకోవలసిన సంగతి కెపాసిటర్. ఫిల్మ్‌కి రెండు వైపులా సిరా పడిన చోట, మధ్యలోని ఫిల్మే కెపాసిటర్ అవుతుంది. అతికించాల్సిన గట్టి ముక్కలు లేవు, విరిగే టంకాలు లేవు. వెండి సిరా రాగి అంత మంచి వాహకం కాదు. అయితే ఇక్కడ నాయిస్‌లో ఎక్కువ భాగం శరీరానిది. కనుక తీగలో పోయిన కొంతను ఒంటికి హత్తుకోవడం తిరిగి రాబడుతుంది.

దూరాల సంగతి మాత్రం మిగిలిపోయింది. గుడ్డలా ముడుచుకునే కాయిల్‌లో చుట్టల మధ్య దూరం ఎప్పటికప్పుడు మారుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బే జాంగ్, డేనియల్ సోడిక్సన్, మార్టైన్ క్లోస్‌ల బృందం 2018లో చూపిన చేతి తొడుగు ఈ ముడినే విప్పింది. అందులోని చుట్టలు మామూలు రాగి వలయాలు కావు, కోయాక్సియల్ కేబుల్ ముక్కలు. మధ్యలో తీగ, చుట్టూ ప్లాస్టిక్ పొర, దానిపైన లోహపు తొడుగు. తీగకీ తొడుగుకీ నడుమ ఉన్న ఆ పొర కేబుల్ పొడవునా కెపాసిటర్‌గా పనిచేస్తుంది. లోహపు తొడుగును ఒకచోట కోసి కేబుల్‌ను వలయంగా వంచితే, ఆ నిర్మాణమే కావలసిన ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతుంది. పైగా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర వలయం చుట్టూ పారబోయే కరెంటుకి అది పెద్ద అడ్డు. ప్రీయాంప్లిఫయర్ దగ్గర చేసిన ఉపాయం ఇక్కడ తీగ స్వభావంలోకే వచ్చేసింది. వలయాలు దగ్గరికి జరిగినా, దూరమైనా, ఒకదానిమీద ఒకటి ఎక్కినా పెద్దగా పట్టించుకోవు.

ఫలితం వేళ్లు చాచి ముడిచే చెయ్యి. స్నాయువులూ కండరాలూ ఎముకలూ కలిసి కదిలే తీరును, ఆ కదలిక జరుగుతుండగానే చూడొచ్చు. బిగించిన చట్రంలో ఇది వీలయ్యే పని కాదు.

ఈ పద్ధతికీ ఒక కట్టుబాటు ఉంది. కేబుల్ కొలతలూ వలయం చుట్టుకొలతా కలిసి ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తాయి కనుక చుట్ట పరిమాణాన్ని మన ఇష్టానికి మార్చుకోలేం. డయోడ్లూ ప్రీయాంప్లిఫయర్లూ గట్టిగానే ఉంటాయి, వాటికి ఒంటి మీద ఎక్కడో చోటు వెతకాలి. అయినా ఈ పనితనం గొప్పదనడానికి కారణం మెత్తని గుడ్డ వాడడం కాదు. గట్టి చట్రం చేసే పనేమిటో తేల్చుకుని, ఆ పనిని తీగకే అప్పగించారు. చట్రాన్ని తీసేయగలిగింది ఆ తరవాతే.