పక్కపక్కన పెట్టి చూసే చదువు

ఆఫ్రికాలో మలావీ, జాంబియా ఇరుగుపొరుగు దేశాలు. వాటి మధ్య సరిహద్దును వలసపాలకులు తమ పాలనా సౌకర్యం కోసం గీసుకున్నారు. అక్కడ ఎవరు బతుకుతున్నారన్నది వాళ్ళకు పట్టలేదు. దాంతో చేవా, తుంబుకా అనే రెండు తెగలూ ఆ గీతకు అటు కొందరు, ఇటు కొందరుగా చీలిపోయాయి. అటైనా ఇటైనా చేవాల భాష చేవాలదే, తుంబుకాల ఆచారాలు తుంబుకాలవే. అయినా మలావీలో ఈ రెండు తెగలకూ పొసగదు. జాంబియాలో మాత్రం రాజకీయంగా ఒకే జట్టు.

డేనియల్ పోస్నర్ అనే అమెరికన్ పరిశోధకుడు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెలకు వెళ్ళి, రెండో తెగవాడు అధ్యక్ష పదవికి నిలబడితే ఓటేస్తారా, ఆ తెగతో వియ్యమందుతారా అని అడిగాడు. గీత దాటితే చాలు, జవాబులు మారిపోయాయి. 2004లో అచ్చయిన ఆ వ్యాసాన్ని నేను తులనాత్మక రాజకీయాల తొలి కోర్సులో మొదటి వారమే తరగతి ముందు పెడతాను. కారణం మాత్రం చెప్పను.

విద్యార్థులు వెంటనే అందుకుంటారు. పాతపగలు ఉండి ఉంటాయంటారు. మరి అవే తెగలు, అదే గతం, గీతకు అవతల పగ ఏమైంది? సంస్కృతి అంటారు. రెండు వైపులా అదే సంస్కృతి. పేదరికం అంటారు. పక్కపక్క పల్లెలు, బతుకులో పెద్ద తేడా లేదు. రోజూ టీవీ చర్చల్లో వినే జవాబులన్నీ పావుగంటలో చెల్లకుండా పోతాయి. తరగతిలో కాసేపు ఇబ్బంది ఉంటుంది. ఈ కోర్సు నిజంగా మొదలయ్యేది ఆ ఇబ్బందితోనే అని నా నమ్మకం.

పోస్నర్ చెప్పిన కారణం జనసంఖ్య. చిన్న దేశమైన మలావీలో ఈ రెండు తెగలూ జాతీయ స్థాయిలో పార్టీలను నిలబెట్టగలిగినంత పెద్దవి, కనుక పోటీదారులయ్యాయి. జాంబియాలో రెండూ చిన్నవే. రాజధానిలో ఎవరూ వాటిని విడివిడిగా లెక్కపెట్టరు, అందరూ కలిసి ‘తూర్పువాళ్ళు’. విడిగా ఉంటే బలం లేదు కాబట్టి కలిసి ఉన్నారు. తెగల మధ్య తేడా ఉన్నంత మాత్రాన అది రాజకీయం కాదని, దాన్ని వాడుకోవడం ఎవరికో లాభమైనప్పుడే అవుతుందని ఈ ఒక్క జంటను చూస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతికి తర్కాన్ని స్పష్టంగా రాసిపెట్టినవాడు బ్రిటిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్, 1843లో. అన్నీ ఒకటిగా ఉండి ఫలితం ఒక్కటే వేరైన రెండు సందర్భాలను తీసుకుని, వాటి మధ్య తేడా ఎక్కడుందో వెతకడం ఒక దారి. ఏ పోలికా లేని చోట్ల ఒకే ఫలితం వస్తే, వాటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకడం రెండోది. సామాజిక శాస్త్రవేత్త థీడా స్కాచ్‌పోల్ 1979 నాటి తన పుస్తకంలో ఫ్రాన్స్, రష్యా, చైనా విప్లవాలను ఒకచోట చేర్చింది ఈ రెండో దారిలోనే. విప్లవం రాని దేశాలనూ పక్కన పెట్టి మొదటి దారినీ వాడుకుంది. సమాజం విషయంలో తన పద్ధతులు సరిగ్గా పనిచేస్తాయని మిల్ స్వయంగా నమ్మలేదు. దేశాలను ప్రయోగశాలలో పెట్టలేం. కారణాలు చూస్తే డజన్లకొద్దీ, చూడ్డానికి దొరికే దేశాలు కొద్ది. రాజకీయ శాస్త్రవేత్త ఆరెండ్ లైఫార్ట్ 1971లో ఈ చిక్కును సూటిగా చెప్పాడు. అప్పటి నుంచీ ఈ శాస్త్రంలో నేర్పరితనమంతా ఆ చిక్కును తగ్గించుకోవడంలోనే ఉంది.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ సబ్జెక్టు చాలాకాలం మరో రూపంలో నడిచింది. బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్ రాజ్యాంగాలకు తలా ఒక అధ్యాయం. పరీక్షలో బ్రిటన్ ప్రధానికీ అమెరికా అధ్యక్షుడికీ తేడాలు రాయమని ప్రశ్న. గైడులో ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఇంకొకరు. ఆ సమాచారం అక్కరలేదని నేననను. పార్లమెంటు ఎలా నడుస్తుందో తెలియకుండా పార్లమెంటులను పోల్చలేం. కానీ ఆ తేడా ఎందుకు వచ్చింది, దానివల్ల ఏం జరిగింది అన్న ప్రశ్నలు లేకపోతే పట్టిక పట్టికగానే మిగిలిపోతుంది. చురుకైన పిల్లలు ఈ సబ్జెక్టును గ్రూప్స్‌కు, సివిల్స్‌కు పనికొచ్చే కంఠస్థం పాఠంగా చూసి వదిలేయడం నన్ను చాలా బాధపెడుతుంది.

నా విద్యార్థులకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఉదాహరణలను ఎంచుకునే పాఠం. తూర్పు ఆసియా దేశాలు కార్మిక సంఘాలను అణచిపెట్టి వేగంగా ఎదిగాయన్న వాదన ఒకప్పుడు గట్టిగా వినిపించేది. దక్షిణ కొరియా, తైవాన్, సింగపూర్‌లను చూస్తే నిజమే అనిపిస్తుంది. రాజకీయ శాస్త్రవేత్త బార్బరా గెడ్డీస్ 1990లో అడిగింది చిన్న ప్రశ్న: సంఘాలను అణచిపెట్టినా ఎదగని దేశాల మాటేమిటి? వాటినీ లెక్కలోకి తీసుకునేసరికి ఆ సంబంధం దాదాపు కనపడకుండా పోయింది. గెలిచినవాళ్ళను మాత్రమే చూసి గెలుపు రహస్యం చెప్పకూడదని అందరూ ఒప్పుకుంటారు. ఆ వారం రాసుకొచ్చే వ్యాసాల్లో మాత్రం చాలామంది మళ్ళీ గెలిచినవాళ్ళనే తెస్తారు. ఈ అలవాటు ఒక్క సెమిస్టర్‌లో పోదు.

తరగతిలో గొంతులు పెరిగేది హైదరాబాద్ ప్రస్తావన వచ్చినప్పుడు. రాజకీయ శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణే మత ఘర్షణల మీద రాసిన 2002 నాటి పుస్తకంలో నగరాలను జంటలుగా తీసుకున్నాడు. అలీగఢ్‌తో కాలికట్, అహ్మదాబాద్‌తో సూరత్, హైదరాబాద్‌తో లక్నో. హైదరాబాద్, లక్నో రెండూ నవాబీ వైభవం చూసిన ఊళ్ళు. రెండింటా ముస్లింల జనాభా గణనీయం. అయినా హిందూ ముస్లిం అల్లర్లు హైదరాబాద్‌ను మళ్ళీ మళ్ళీ కుదిపేస్తే లక్నో చాలావరకు ప్రశాంతంగా ఉంది. పెద్ద ఊళ్ళలో ఇరుగుపొరుగు పలకరింపులు శాంతిని నిలబెట్టలేవని, ఇరుమతాల వాళ్ళూ కలిసి ఉన్న వర్తక, వృత్తి సంఘాలు, యూనియన్లు నిలబెడతాయని వార్ష్ణే వాదన. లక్నోలో కుట్టుపని చేసే ముస్లిం కళాకారులకూ సరుకు అమ్మే హిందూ వర్తకులకూ ఒకరు లేక ఒకరికి గడవదు.

“మా గల్లీలో రంజాన్‌కి హలీం మా ఇంటికి రాకుండా ఉండదు మేడం, అదంతా లెక్కలోకి రాదా?” అని పాతబస్తీ కుర్రాడు అడుగుతాడు. వెనక బెంచీ అమ్మాయి ఇంకో పక్క నుంచి వస్తుంది: సంఘాలున్నందుకు శాంతి ఉందా, శాంతి ఉన్నందుకు సంఘాలు బతికి బట్టకట్టాయా? నన్ను అడిగితే ఆ పుస్తకానికి పెట్టగలిగిన పరీక్షల్లో ఇదే గట్టిది. అప్పుడు స్టీవెన్ విల్కిన్సన్ పేరు చెబుతాను. 1950 నుంచి 1995 దాకా జరిగిన అల్లర్ల వివరాలను వార్ష్ణే, విల్కిన్సన్ కలిసే పోగుచేశారు. 2004లో విల్కిన్సన్ రాసిన పుస్తకం చెప్పే కారణం వేరు. మైనారిటీల ఓట్లు అవసరమైన ప్రభుత్వం పోలీసులను దించి అల్లర్లను ఆపుతుంది, అవసరం లేనిది ఊరుకుంటుంది. ఇద్దరూ కలిసి సేకరించిన సమాచారమే, ముగింపులు రెండు. ఇందులో ఏది నిజమని అడిగేవాళ్ళకు నేను తీర్పు చెప్పను. ఏ ఊరు, ఏ ఏడాది చూస్తే ఒక వాదన వీగిపోతుందో వెతకమంటాను.

చివరి పనిగా ఎవరి జంటను వాళ్ళే తెచ్చుకోవాలి. ఆంధ్ర, తెలంగాణ అని తెచ్చేవాళ్ళే ఎక్కువ. ఒకవైపు నిజాం పాలన, మరోవైపు మద్రాసు ప్రెసిడెన్సీ, భూమి శిస్తులు వేరు, చదువుకున్న భాషలు వేరు. ఇన్ని తేడాల మధ్య ఫలితాన్ని ఏ ఒక్కదానికీ అంటగట్టలేం. అనంతపురం జిల్లా అమ్మాయి ఒకసారి ఇంతకంటే మంచి జంట తెచ్చింది. “మాది రాయదుర్గం మేడం. మాకు అనంతపురం కన్నా బళ్ళారి దగ్గర. మా తాత పుట్టినప్పుడు అదంతా ఒకే జిల్లా అంట.” నిజమే. రెండూ 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లోవి. రెండు చోట్లా కంపెనీ అధికారి మన్రో పెట్టిన రైత్వారీ శిస్తు పద్ధతే. 1953లో బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతావి మైసూరుకు పోయాయి.

తరగతి మురిసిపోయింది. తప్పు పట్టింది ఆ అమ్మాయి పక్కన కూర్చున్నవాడే. మలావీ గీతను జనాన్ని చూడకుండా గీశారు, ఇక్కడ భాషను చూసే గీశారు కదా, రెండు పక్కలా ఉన్నవాళ్ళు ఒకటెలా అవుతారని. ఆమె వారం తర్వాత మార్చుకుని వచ్చింది. బళ్ళారి తాలూకా ఎవరికి చెందాలన్న దానిపై అప్పట్లో పెద్ద గొడవే నడిచింది, ఎందుకంటే అక్కడ తెలుగు, కన్నడ రెండూ కలగలిసి ఉన్నాయి. కాబట్టి జిల్లాకు జిల్లాను పోల్చకుండా, గీతకు అవతల మిగిలిపోయిన తెలుగు ఇళ్ళను ఇవతలి తెలుగు ఇళ్ళతో పోలుస్తానంది. నేల ఒకటి, భాష ఒకటి, రాష్ట్రం వేరు. ఓటెవరికి వేస్తారు, పిల్లల్ని ఏ భాష బడిలో వేస్తారు, పనిబడితే ఏ నాయకుడి గడప ఎక్కుతారు అన్నవి అడగాలనుకున్న ప్రశ్నలు. ఇళ్ళను ఎలా ఎంచుకోవాలన్న దగ్గర మేమింకా వాదించుకుంటూనే ఉన్నాం.