పాటలో వస్తువు, పాటవెనుక శ్రమ

అభ్యుదయ విమర్శ పాటను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ పాట ఏం చెబుతోంది, ఎవరి పక్షాన చెబుతోంది? ప్రశ్న అవసరమైనదే. దాన్ని వదిలేసినవాళ్ళు శబ్దసౌందర్యం పేరుతో ఎక్కడ తేలారో మనకు తెలుసు. అయితే దానితోపాటు అడగవలసింది మరొకటి వుంది. ఆ పాటను ఎవరు, ఏ వేళల్లో, ఎవరి డబ్బుతో, ఎవరి నిర్ణయంమీద తయారుచేశారు? కాగితమూ కలమూ వుంటే కథ పుడుతుంది. పాట అట్లా కాదు. నలుగురు కూడాలి, చోటు కావాలి, వాయిద్యాలు కావాలి, రికార్డు చెయ్యాలంటే యంత్రాలు కావాలి. అంటే పాట పుట్టుకలోనే ఉత్పత్తి సంబంధాలున్నాయి.

దీన్ని పరిశీలించటానికి అమెరికాలో కాలిఫోర్నియా తీరాన శాన్ పెడ్రో అనే రేవుపట్టణంలో 1980 నుంచి 1985 దాకా పనిచేసిన 'మినిట్‌మెన్' బృందాన్ని తీసుకుంటున్నాను. 'ఇండీ' అనే మాట ఇప్పుడు మన విద్యార్థుల నోట తరచు వినబడుతోంది. గిటారు పట్టిన ప్రతి బృందమూ తాను ఇండీనేనంటోంది. ఆ మాట సరుకుమీద అంటించే చీటీగా మారకముందు దానివెనుక ఎటువంటి బతుకు వుండేదో తెలియాలంటే ఈ ముగ్గురి పాటలు వినాలి.

శాన్ పెడ్రో 1909లోనే లాస్ ఏంజెలెస్ నగరంలో కలిసింది. కాని ఆ నగరపు సినిమా వైభవానికీ దీనికీ చుట్టరికం లేదు. రేవుకూలీలు, చేపలుపట్టేవాళ్ళు, నౌకాదళపు కుటుంబాలు వుండే ఊరు. 1923లో సమ్మెచేస్తున్న రేవుకార్మికుల పక్షాన నిలబడి అమెరికా రాజ్యాంగం చదివినందుకు అప్టన్ సింక్లేర్‌ను అరెస్టుచేసింది ఇక్కడే. ఆ ఊళ్ళో డి. బూన్, మైక్ వాట్ 13 ఏళ్ళ వయసులో స్నేహితులయ్యారు. పిల్లలు వీధులవెంట తిరగకుండా ఇంటిపట్టున వుంటారని బూన్ తల్లి వాళ్ళచేత వాయిద్యాలు పట్టించింది. వాట్‌ను బేసు గిటారు వాయించమన్నది ఆమే. అప్పటికి అతనికి బేసు అంటే ఏమిటో కూడా తెలియదు. తరవాత జార్జ్ హర్లీ డ్రమ్ములతో చేరాడు. హర్లీ యంత్రాల కార్ఖానాలో పనివాడు. బూన్ మోటారు విడిభాగాల దుకాణంలో పనిచేశాడు.

వీళ్ళను 'అమెచ్యూర్లు' అంటే చేతకానివాళ్ళని అర్థం చేసుకోకూడదు. బూన్ గిటారు వినినవాడెవడూ ఆ మాట అనడు. తిండి ఒకచోట, పాట ఒకచోట అయినవాళ్ళు అని మాత్రమే అర్థం. ఆ చీలికను దాచకుండా, దానికి తగ్గట్టు తమ పద్ధతినంతా దిద్దుకోవటంలోనే వాళ్ళ విశేషముంది. చవగ్గా చెయ్యటాన్ని వాళ్ళు 'ఎకానో' అనేవారు. స్టూడియో అద్దె తగ్గే అర్ధరాత్రి దాటిన వేళల్లో రికార్డు చేసేవారు. ఇంతకుముందు వాడిన టేపునే మళ్ళీ వాడేవారు. టేపు కోసి అతికే ఖర్చు లేకుండా, రికార్డులో ఏ వరసన రావాలో ఆ వరసనే పాటలు వాయించేవారు. 1980లో వచ్చిన మొదటి రికార్డు 'పారనాయిడ్ టైమ్'లో 7 పాటలు. అన్నీ కలిపి 7 నిమిషాలు కూడా వుండవు. 1981 నాటి 'ది పంచ్ లైన్'లో 18 పాటలకు పట్టేది దాదాపు 15 నిమిషాలు. 40కి పైగా పాటలున్న జంట రికార్డు 'డబుల్ నికెల్స్ ఆన్ ది డైమ్' 1984లో వచ్చింది. దానికైన ఖర్చు 1,100 డాలర్లు. మోటబరువులు, సామాను దించటం, వ్యాను నడపటం అన్నీ ముగ్గురే.

ఇక్కడొక తొందరపాటు సిద్ధాంతం చెయ్యటం సులభం. డబ్బు లేదు గనక పాట చిన్నదైంది అనవచ్చు. అది యాంత్రికమైన భౌతికవాదం. చిన్నపాట వాళ్ళ సొంత ఆవిష్కరణ కాదు. 1977లో ఇంగ్లండులో 'వైర్' అనే బృందం వేసిన 'పింక్ ఫ్లాగ్' రికార్డులో 21 పాటలున్నాయి. ఆ పొట్టిరూపాన్ని అక్కడినుంచి తెచ్చుకున్నామని వాట్ దాచుకోలేదు. రూపం అరువు తెచ్చుకోవచ్చు. దాన్ని ఏ పనికి పెట్టారన్నదే విమర్శకుడు చూడవలసింది. పల్లవి మళ్ళీమళ్ళీ తిప్పి శ్రోతను జోకొట్టటం వీళ్ళకు ఇష్టంలేదు. చెప్పవలసింది అయిపోగానే పాట ఆగిపోతుంది. మొదటిసారి వినినవాడికి ఎవరో మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టుంటుంది.

అంతకంటె ముఖ్యమైనది వాయిద్యాల పొందిక. రాక్ సంగీతంలో గిటారు దొరవంటిది. తక్కినవి దానికి గొడుగు పడతాయి. బూన్ తన గిటారులోని మంద్రధ్వనిని కావాలని తగ్గించి పలచని తీగస్వరం మాత్రం వుంచుకున్నాడు. ఖాళీ అయిన ఆ చోటు బేసుకూ డ్రమ్ములకూ వచ్చింది. ఇది రాజకీయ నిర్ణయమేనని వాట్ చెప్పాడు. మన బుర్రకథ దళంలోనూ ముగ్గురే వుంటారు గాని, కథకుడు ముందుండి నడుపుతాడు, వంతలు అందుకుంటారు. ఇక్కడ వంత లేదు. మాటలు అర్థంకానివాడు కూడా ఈ సమానత్వాన్ని చెవితో గ్రహించగలడు. వస్తువు మాటల్లో మాత్రమే వుంటుందనేవాళ్ళు దీన్ని ఎక్కడ పెడతారు?

ఇక మాటల సంగతి. బూన్ రాసేది సూటిగా వుంటుంది: వియత్నాం యుద్ధం, మధ్య అమెరికాలో అమెరికా ప్రభుత్వ జోక్యం, కూలి, యజమాని. 'ది ప్రోల్' అనే చిన్నపత్రిక కూడా వేశాడు. ఆ ఊళ్ళోనే ఒక థియేటరు తీసుకుని, తెల్లవారి పనికి పోవలసినవాళ్ళు రాగలిగేట్టు పెందలాడే మొదలయ్యే కచేరీలు పెట్టాడు. వాట్ దారి వేరు. జాయిస్ 'యులిసెస్' చదివి ముగ్ధుడైనవాడు. ఆ నవల జరిగే జూన్ 16నే ఒక వాయిద్యఖండానికి పేరు పెట్టాడు. అతని మాటలు తలలో పరుగెత్తే ఆలోచనల్లా తెగితెగి వస్తాయి. అర్థం వెతుక్కోవాలి, కొన్నిచోట్ల వెతికినా దొరకదు.

ఈ రెండు ధోరణులూ ఒక బృందంలో ఢీకొన్న సందర్భం 'టేక్ ఫైవ్, డి.' అనే పాట. వాట్ రాసిన మాటలు మరీ గాలిలో వున్నాయని బూన్ ఆక్షేపించాడు. వాట్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, స్నేహితుడి ఇంటి యజమానురాలు షవరు వాడకంమీద రాసిపెట్టిన చీటీ ఒకటి తెచ్చి, ఇంతకంటె వాస్తవం ఇంకేముంటుందని దాన్నే పాటకు మాటలుగా పెట్టాడు! సగం పరిహాసం, సగం లొంగుబాటు. మన సభల్లో అస్పష్ట కవిత్వంమీద ఎన్నో వాదోపవాదాలు విన్నాం. ఆక్షేపణకు జవాబు వ్యాసంలో కాక పాటలోనే, అదీ ఇంత కొంటెగా ఇచ్చినవాళ్ళు తక్కువ.

కాని జవాబు చెల్లుతుందా? నా దృష్టిలో సగమే చెల్లుతుంది. చీటీ యథార్థమే. అద్దెకుండేవాడెవడైనా దాని గొంతు గుర్తుపడతాడు. అయినా యథార్థాన్ని ఎత్తి అక్కడ పెట్టినంతమాత్రాన వాస్తవికత కాదు. బూన్ రాసిన 'దిస్ ఎయింట్ నో పిక్నిక్' పక్కన పెట్టి చూడండి. పనిచేసేచోట నల్లవారి సంగీతం రేడియోలో పెట్టుకోనివ్వని అధికారిమీద పుట్టిన కోపం ఆ పాట. అక్కడ సంఘటన చిన్నదే గాని, కూలికీ యజమానికీ, తెల్లకూ నలుపుకూ వుండే సంబంధం మొత్తం అందులో కదులుతుంది. బూన్ అన్ని పాటలూ ఇట్లా లేవు. కొన్ని కరపత్రాలే. కరపత్రానికి నిమిషం నిడివి వుండటం ఒక ఊరట.

వీటన్నిటికంటె గొప్పది 'కరోనా'. ఒక జూలై 4న, అమెరికా స్వాతంత్ర్యదినాన, వీళ్ళు మెక్సికో వెళ్ళి సముద్రపొడ్డున పడుకున్నారు. తెల్లవారి లేచేసరికి ఒక స్త్రీ ఖాళీసీసాలు ఏరుకుంటోంది, తిరిగి ఇస్తే వచ్చే కాసిని డబ్బులకోసం. పాట పేరు ఆ బీరుసీసా పేరే. తాగినవాడు, ఏరుకునే మనిషి, ఇద్దరిమధ్యా సరిహద్దు. ఇక్కడ పాడేవాడు బయటనిలబడి జాలిపడటంలేదు. ఆ సీసా తనదేనని అతనికి తెలుసు. చాలా పీడితజన గీతాల్లో లోపించేది ఈ ఎరుకే.

ఒక అభ్యంతరం రావచ్చు. ఇదంతా చిన్న ఉత్పత్తిదారుడి స్వప్నం కాదా? తన గిటారు, తన వ్యాను, తన పాట అనుకునే చేతిపనివాడు పెట్టుబడిని ఏమాత్రం కదిలించగలడు? కదిలించలేడు. వాళ్ళ రికార్డులు వేసిన ఎస్‌.ఎస్‌.టి. కంపెనీ కూడా మరొక బృందపు గిటారువాద్యకారుడు నడిపిన వ్యాపారమే. పేదరికాన్ని గుణంగా కీర్తించటంకూడా నాకు సమ్మతం కాదు. అయితే 'ఎకానో'లో పొదుపుకంటె పెద్దవిషయం నిర్ణయాధికారం. ఖర్చు తక్కువగనక అప్పు తక్కువ. అప్పు తక్కువగనక ఏ పాట వుండాలో చెప్పే షావుకారు లేడు. ఇవాళ సెల్‌ఫోనులో ఎవరైనా పాట రికార్డు చెయ్యవచ్చు, టేపు ఖర్చు లేదు. కాని ఎవరికి ఏ పాట వినబడాలన్నది మరొకచోట నిర్ణయమవుతోంది. చవకదనమూ స్వాతంత్ర్యమూ ఒకటి కావని దీనివల్ల తెలుస్తోంది.

1985 డిసెంబరు 22న అరిజోనా ఎడారిలో వ్యాను ప్రమాదంలో బూన్ చనిపోయాడు. 27 ఏళ్ళు. అది కచేరీ ప్రయాణం కాదు గనక దాన్ని వాళ్ళ జీవనవిధానానికి ప్రతీకగా చెయ్యటం సరికాదు. బృందం అంతటితో ఆగిపోయింది; వాట్, హర్లీ మరుసటి ఏడాది 'ఫైర్‌హోస్' పేరుతో మరొకరిని కలుపుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

2000లో ఎం.టి.వి. 'జాకాస్' అనే కార్యక్రమం మొదలైంది. యువకులు తమకు తాము దెబ్బలు తగిలించుకుని నవ్వించే కార్యక్రమం. దాని ప్రారంభ సంగీతం 'కరోనా'లోని గిటారు. మాటలు లేవు. మంద్రాన్ని తగ్గించి పక్కవాళ్ళకు చోటిచ్చిన ఆ గిటారునే, మాటలనుంచి విడదీసి, బజారు ఎత్తుకుపోగలిగింది. వస్తువును వదిలేసి తయారీ పద్ధతినే పట్టుకోబోయే నావంటివాళ్ళకు ఇది మింగుడుపడని సంగతి. ఆ కార్యక్రమం చూసిన కుర్రవాడికి సముద్రపొడ్డున సీసాలేరుకునే స్త్రీ కనబడదు. ఆ స్వరం ఎక్కడిదని వెతుక్కుంటూ రికార్డుదాకా వెళితే మాత్రం, గిటారు మొదలైన కాసేపటికే ఆమె వస్తుంది.