గుమ్మం బయటికి నెట్టిన కుర్చీ

అన్నా, రాన్ కోవిక్! నీ దేశం అమెరికా పుట్టినరోజే నువ్వూ పుట్టావు, 1946 జూలై 4న. ఊరూరా ఎగసే తారాజువ్వలన్నీ తన కోసమేనని మురిసే పిల్లవాడికి దేశభక్తిని ఒకరు నూరిపోయాలా? కుస్తీలో నిలదొక్కుకున్న కాళ్ళు, గెడ ఊతంతో గాలికెగిరిన కాళ్ళు, 1964లో బడి చదువు ముగియగానే మెరీన్ దళం వైపు పరుగెత్తిన కాళ్ళు! వియత్నాంకు ఒకసారి పోయివచ్చి, అది చాలక, అడిగి మరీ రెండోసారి పోయావు.

1968 జనవరి 20. ఆ మాసంలో మా జహీరాబాద్ చేలల్లో జొన్నకంకులు గింజ పట్టి తలలు వాలుస్తాయి, కుసుమపూలు పసుపూ కుంకుమా కలబోసుకుంటాయి. ఇక్కడ నేలతల్లి గింజను కంటున్న వేళ, అక్కడ ఆమె ఒడిలోనే నీ నెత్తురు ఇంకింది. తొలి తూటా పాదాన్ని చీల్చింది. మలి తూటా భుజంలో దూరి, ఊపిరితిత్తిని నలిపి, వెన్నును తెంచింది. అప్పటికి నీకు 21 ఏళ్ళు. రొమ్ము కింది దేహమంతా నీకే పరాయిదైంది. అయ్యో, ఆ కాళ్ళు!

బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రి గురించి నీ ఆత్మకథలో నువ్వు రాసిన చోట నాకు చదువు సాగదు. స్పర్శ లేని కాళ్ళను ఎలుకలు కొరుకుతాయని, మీ గదిలోని వాళ్ళు రాత్రిళ్ళు రొట్టె తుంపులను రేడియేటర్ కిందికి విసిరేవారట. కొరికినా తెలియని కాళ్ళు! జొన్నరొట్టె విరిచినప్పుడల్లా ఆ తుంపులే నా కళ్ళముందు రాలతాయి.

అంతకన్నా లోతైన గాయమూ నువ్వే విప్పి చూపావు. నీ గుండుకే మీ దళంలోని కార్పొరల్ ఒరిగాడన్న గుబులు. మీ కాల్పులు ఆగాక ఒక పల్లె గుడిసెలో కనిపించిన పసిపిల్లలు. వాషింగ్టన్‌లోని నల్లరాతి గోడ మీద ఆ యుద్ధంలో ఒరిగిన మీ సైనికుల పేర్లు 58 వేలకు పైగా ఉన్నాయి. ఆ పిల్లల పేర్లు లేవు.

1970 మే 4న కెంట్ స్టేట్‌లో యుద్ధం వద్దన్న సభ మీద పేలిన నేషనల్ గార్డ్ తుపాకులకు నలుగురు విద్యార్థులు కూలారు. నీలో చివరి పోగు తెగింది. 1972 ఆగస్టులో, మయామీ బీచ్‌లో తన పార్టీ సభలో అధ్యక్షుడు నిక్సన్ ప్రసంగిస్తుండగా, మరి ఇద్దరు క్షతగాత్రులతో కలిసి బాంబులు ఆపమని కేకవేశావు. జెండాలూపే ఆ సభ మీ కుర్చీలను గుమ్మం బయటికి నెట్టించింది. పోయేనాడు పూలదండ, చెప్పవచ్చిననాడు మూసిన తలుపు!

ఈ తలుపు మాకూ తెలుసన్నా. 1948 సెప్టెంబర్ 16న షోలాపూర్ బాటన నిజాం రాజ్యాన్ని కలుపుకోవడానికి వచ్చిన భారత సేనలు జహీరాబాద్ వైపు కదిలితే మందుపాతరలు అడ్డుకున్నాయి. మర్నాడు నిజాం లొంగిపోయాడు. నిజాం కొమ్ముకాసిన రజాకార్ల కింద నలిగిన పల్లెల సంబరం న్యాయమైనదే. కానీ ఆ వెంటనే బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ వైపు చెలరేగిన హత్యలకు తల్లడిల్లిన ముస్లిం ఇళ్ళ గోడును, ప్రభుత్వం విచారణకు పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం రాసిస్తే, ఆ కాగితాలు దశాబ్దాలపాటు బయటి వెలుగు చూడలేదు. మనిషైతే కుర్చీతో సహా గెంటుతారు, కాగితమైతే తాళం వేస్తారు.

నువ్వు దేశాన్ని ప్రేమించడం మానేశావన్న మాట నేను నమ్మను. ప్రేమ లేనివాడు 2003లో, ఆ కుర్చీలో 35 ఏళ్ళు గడిచాక, ఇరాక్ పిల్లల కోసం, అక్కడికి పంపబోయే తన దేశపు కుర్రాళ్ళ కోసం మళ్ళీ గొంతెత్తుతాడా? నీ మాట విననే లేదు. పంపారు. వాళ్ళలోనూ ఎందరో నడుము కింద చచ్చుబడి, నీలాగే చక్రాల మీద ఇంటికి చేరారు.